నాయిన ఫోన్, మీ ల్యాప్‌టాప్, రోజుకు 2 జీబీ

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. బీటెక్ అయిపోయింది, ఇంట్ల ఉండి ఉద్యోగాలకు ప్రిపేర్ అయితున్న. ఇంటికి నెట్ లైన్ లేదు. నాయిన ఫోన్ల హాట్‌స్పాట్ పెట్టుకొని ల్యాప్‌టాప్ నడిపిస్తున్న. రోజుకు 2 జీబీ ప్లాన్. ఒక్క ఫోన్లనే చూస్తే రాత్రిదాక వస్తది. ల్యాప్‌టాప్‌కు కలిపితే పొద్దున పదకొండు కాకముందే అయిపోతంది. నడుమ నాయినకు ఫోన్ వస్తే నెట్ ఆగిపోతది. ఫోన్ చెయ్యి పెట్టరానంత కాలుతంది. వచ్చే వారం ఆన్‌లైన్ టెస్టు ఉంది, గంటన్నర, కెమెరా ఆన్ ఉండాలె. కేబుల్‌తోటి కలిపితే మంచిదా, వైఫై మంచిదా? కేబుల్ పెడితే నాయిన ఫోన్ల ఉన్నయన్నీ ల్యాప్‌టాప్‌ల కనబడ్తయా? ఫోన్ ఆండ్రాయిడ్, రెండు సిమ్‌లు. ల్యాప్‌టాప్‌ల విండోస్ 11. పేరు వెయ్యకండి.

సమాధానం: ముందు డేటా సంగతి చూద్దాం. అది చక్కబడితే మీ మిగతా ఇబ్బందులు కూడా కొంత తగ్గుతాయి.

తాను మొబైల్ డేటా మీద నడుస్తున్న సంగతి ఫోన్‌కు తెలుసు. అందుకే ఫోటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు లాంటి బరువు పనులను వైఫై దొరికేదాకా ఆపుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు ఆ సంగతి చాలాసార్లు తెలియదు. హాట్‌స్పాట్ దాని కంటికి మామూలు వైఫైలాగే కనబడుతుంది. ఇంట్లో ఫైబర్ లైన్ ఉన్నదనుకొని, చెరువు తూము ఎత్తేసినట్టు అన్ని పనులూ ఒకేసారి మొదలుపెడుతుంది. విండోస్ అప్‌డేట్ దిగుతుంది, వన్‌డ్రైవ్ మీ ఫోల్డర్లను పైకి ఎక్కిస్తుంది, స్టోర్‌లోని యాప్‌లు, బ్రౌజర్, యాంటీవైరస్ దేనికవి అప్‌డేట్ అవుతుంటాయి. మీరు ఒక పీడీఎఫ్ చదువుతూ కూర్చున్నా వెనకాల వందల ఎంబీలు పోతుంటాయి. ఒక్క నెలవారీ విండోస్ అప్‌డేటే కొన్ని వందల ఎంబీల నుంచి జీబీ దాటేదాకా ఉంటుంది. మీ 2 జీబీ పదకొండు గంటలకే అయిపోవడానికి ఇదే పెద్ద కారణం అయ్యుండాలి.

దీనికి మందు విండోస్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. హాట్‌స్పాట్‌కు కలిసి ఉన్నప్పుడు సెట్టింగ్స్ తెరిచి 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి వెళ్లండి. అక్కడ 'వైఫై', దాని కింద మీ హాట్‌స్పాట్ పేరుతో ఉన్న 'ప్రాపర్టీస్' నొక్కండి. కొంచెం కిందికి జరిపితే 'మీటర్డ్ కనెక్షన్' అని ఒక స్విచ్ కనబడుతుంది. దాన్ని ఆన్ చేయండి. ఈ లైన్‌కు లెక్క ఉంది, చూసి వాడు అని ల్యాప్‌టాప్‌కు చెప్పడమే దీని పని. అప్పటి నుంచి విండోస్ పెద్ద అప్‌డేట్లను తనంతట తాను దింపదు, స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు ఆగుతాయి, వన్‌డ్రైవ్ కూడా ఆగి మిమ్మల్ని అడుగుతుంది.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఈ స్విచ్ ఒక్కో కనెక్షన్‌కు విడివిడిగా ఉంటుంది. వైఫై హాట్‌స్పాట్‌కు ఆన్ చేసి, రేపు అదే ఫోన్‌ను కేబుల్‌తో కలిపితే అది విండోస్‌కు 'ఈథర్‌నెట్' పేరుతో కొత్త కనెక్షన్‌గా కనబడుతుంది. మీటర్డ్ స్విచ్ అక్కడ ఆఫ్‌లోనే ఉంటుంది. కేబుల్‌కు మారిన రోజే డేటా గంటలో ఖాళీ అయిందంటే కారణం ఇదే. కాబట్టి కేబుల్ పెట్టాక 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లో 'ఈథర్‌నెట్' తెరిచి అక్కడ కూడా ఆన్ చేయాలి. కొన్ని ఫోన్లు రీస్టార్ట్ అయిన తర్వాత మళ్లీ ఇంకో కొత్త ఈథర్‌నెట్‌గా కనబడతాయి. అందుకని టెస్టు రోజు పొద్దున ఆ స్విచ్‌ను ఇంకోసారి కంటితో చూసుకోండి.

మీటర్డ్ అన్నా వినని ప్రోగ్రాములు కొన్నున్నాయి. గేమ్‌లు దింపే ప్రోగ్రాములు, టోరెంట్, విండోస్‌తో రాకుండా మనం విడిగా వేసుకున్న క్లౌడ్ బ్యాకప్‌లు తమ పని తాము చేసుకుపోతాయి. వాటిని ఒక్కోదాన్నీ తెరిచి ఆటో అప్‌డేట్, ఆటో సింక్ ఆపాలి. ఏది తింటున్నదో తెలియాలంటే 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లో 'అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్', అందులో 'డేటా యూసేజ్' చూడండి. ఏ ప్రోగ్రాము ఎంత వాడిందో వరుసగా ఉంటుంది. పైనున్న రెండు మూడు పేర్లే అసలు దొంగలు. ఇంకొకటి, 'విండోస్ అప్‌డేట్'లో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' కింద 'డెలివరీ ఆప్టిమైజేషన్' అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీ ల్యాప్‌టాప్ తాను దింపుకున్న అప్‌డేట్ ముక్కలను వేరే కంప్యూటర్లకు పంచిపెట్టే వీలుంటుంది. మీ డేటాతో ఊళ్లో వాళ్ల కంప్యూటర్లను నింపాల్సిన అవసరం లేదు, దాన్ని ఆఫ్ చేయండి.

మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్‌ను అమెరికా లెక్కన ప్రతి నెలా రెండో మంగళవారం వదులుతుంది. మనకు అది ఆ రాత్రి పొద్దుపోయాక చేరుతుంది. అందుకే ఆ మర్నాడు, బుధవారం పొద్దున హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తుంటాయి. మీ టెస్టు ఆ వారంలోనే ఉంటే 'విండోస్ అప్‌డేట్'లో 'పాజ్' నొక్కి ఒక వారం ఆపేయండి. అయితే అప్‌డేట్లను నెలల తరబడి ఆపొద్దు. వైరస్‌ల నుంచి కాపాడేవి అవే. నర్సంపేటకో హన్మకొండకో పోయినప్పుడు ఫైబర్ ఉన్న చుట్టాల ఇంట్లో ల్యాప్‌టాప్‌ను ఒక రాత్రి కలిపి ఉంచితే అన్నీ దిగుతాయి.

తర్వాత వీడియోలు. ఫోన్‌లో చిన్న తెర కాబట్టి యూట్యూబ్ తక్కువ క్వాలిటీతో సరిపెడుతుంది. ల్యాప్‌టాప్ తెర పెద్దది కాబట్టి ఆటోలో వదిలేస్తే 1080కి పోతుంది. ఉజ్జాయింపుగా 1080లో గంటకు ఒకటిన్నర జీబీ చుట్టుపక్కల, 480లో అర జీబీ, 360లో 300 ఎంబీ ఖర్చవుతుంది. పాఠం చెప్పే వీడియోకు, బోర్డు మీద అక్షరాలు కనబడాలంటే, 480 చాలు. వీడియో కింద చక్రం గుర్తు నొక్కి 480 పెట్టి మొదలుపెట్టండి. అదే పాఠాన్ని వారంలో రెండు మూడుసార్లు చూసేదుంటే యాప్‌లో ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం ఇంకా మేలు. స్పీడ్ టెస్టులు కూడా తగ్గించండి. నెట్ ఎంత వేగంగా ఉంటే ఆ టెస్టు అంత డేటా తింటుంది. 5జీ మీద ఒక్కసారి నొక్కితేనే వందల ఎంబీలు పోవచ్చు.

2 జీబీ అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ హాల్‌టికెట్ దిగడానికి రెండు నిమిషాలకు పైనే పడుతుంది. వాట్సాప్‌లో అక్షరాలు పోతాయి, వెబ్‌సైట్లు సగంలోనే అలిగి ఆగుతాయి. కొత్త రోజు కోటా అర్ధరాత్రి 12 దాటాక మొదలవుతుంది. కాబట్టి టెస్టు పొద్దున పూట ఉంటే మంచిది, కోటా నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం ఉంటే ఆ రోజు పొద్దున ల్యాప్‌టాప్‌ను అసలు కలపకండి. కెమెరా ఆన్‌లో ఉండే పరీక్ష గంటన్నరకు ఎంత తింటుందన్నది ఆ సంస్థ వాడే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది. మామూలు గ్రూప్ వీడియో కాల్ గంటకు 800 ఎంబీ నుంచి 2 జీబీ పైదాకా పోతుంది కాబట్టి, చేతిలో పూర్తి 2 జీబీ, దానిపైన ఒక చిన్న డేటా యాడ్ఆన్ ప్యాక్ ఉంచుకుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. ఆ ప్యాక్‌ను టెస్టుకు ముందురోజే వేయించండి. పరీక్ష మధ్యలో రీఛార్జ్ చేసే పరిస్థితి రావొద్దు.

మీ ప్లాన్‌లో అపరిమిత 5జీ ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి. ఫోన్ పైన 5జీ గుర్తు ఉన్నంతసేపే అది అపరిమితం. సిగ్నల్ తగ్గి 4జీకి దిగిన క్షణం నుంచి అదే 2 జీబీలోంచి కోత మొదలవుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఊళ్లలో 5జీ ఒక గదిలో వచ్చి ఇంకో గదిలో పోతుంటుంది. హాట్‌స్పాట్ పెట్టేముందు ఆ గుర్తును చూసే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఫోన్ వస్తే నెట్ ఆగిపోయే సంగతి. దీనికి రెండు కారణాలు ఉంటాయి, మీది ఏదో ముందు తేల్చుకోవాలి. వచ్చిన కాల్ డేటా నడుస్తున్న సిమ్‌కే అయితే, ఆ సిమ్‌కు వోల్ట్ (VoLTE, అంటే 4జీ మీదే కాల్ నడిపే పద్ధతి) ఆఫ్‌లో ఉన్నట్టు. అప్పుడు కాల్ కోసం ఫోన్ 4జీని వదిలి పాత 2జీకి దిగుతుంది, మాట్లాడినంతసేపు నెట్ ఉండదు. సెట్టింగ్స్‌లో సిమ్ పేరు మీద నొక్కి 'వోల్ట్' లేదా '4జీ కాలింగ్' ఆన్ చేస్తే అయిపోతుంది. జియోకు 2జీ లేదు కాబట్టి అందులో ఈ బాధ ఉండదు.

కాల్ రెండో సిమ్‌కు వచ్చిందంటే కథ వేరు. చాలా ఫోన్లలో సిమ్‌లు రెండున్నా ఒకసారి ఒకటే పూర్తిగా పని చేయగలదు. రెండో సిమ్‌కు కాల్ రాగానే మొదటి సిమ్ డేటా ఆగుతుంది. కొన్ని ఫోన్లలో 'డేటా డ్యూరింగ్ కాల్స్' లేదా 'ఆటో డేటా స్విచింగ్' అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే కాల్ నడిచినంతసేపు కాల్ వచ్చిన సిమ్ డేటానే వాడుకుంటుంది. అయితే ఆ సిమ్‌లో కూడా డేటా ప్యాక్ ఉండాలి. పైగా ఒక సిమ్ నుంచి ఇంకో సిమ్‌కు మారే ఆ రెండు మూడు సెకన్లలో లైన్ తెగి కలుస్తుంది. యూట్యూబ్‌కు అది పట్టదు, పరీక్ష సాఫ్ట్‌వేర్‌కు పడుతుంది. అందుకే టెస్టు నడిచే గంటన్నర రెండో సిమ్‌ను సెట్టింగ్స్‌లోనే ఆఫ్ చేయండి. ఫోన్‌ను సైలెంట్‌లో పెడితే లాభం లేదు, డు నాట్ డిస్టర్బ్ పెట్టినా లాభం లేదు. అవి మోగడాన్నే ఆపుతాయి, కాల్ మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది, నెట్ ఆగుతూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, పరీక్షకు లాగిన్ ఓటీపీ ఆ రెండో నంబరుకే వచ్చేటట్టయితే లాగిన్ అయ్యాకనే దాన్ని ఆఫ్ చేయాలి. నాయినకు ముందే చెప్పి పెట్టండి, ఆ గంటన్నర బయటివాళ్లకు ఆయన ఆ నంబరు మీద దొరకరు.

కేబులా, వైఫైయా అన్న ప్రశ్నకు నేరుగా చెప్పాలంటే, పరీక్షకు కేబుల్. కాని ఒక షరతు ఉంది, అది వేగానికి సంబంధించింది కాదు. ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ మధ్య దారి కేబుల్ అయినా వైఫై అయినా 4జీకి సరిపోయేంత వెడల్పుగానే ఉంటుంది. ఇరుకంతా ఫోన్‌కూ టవర్‌కూ మధ్యనే. కాబట్టి ఫోన్ ఎక్కడ పెడతారన్నదే అన్నింటికన్నా పెద్ద విషయం. వైఫై అయితే ఫోన్‌ను సిగ్నల్ ఉన్న కిటికీ దగ్గర పెట్టి, మీరు గదిలో నీడన కూర్చోవచ్చు. కేబుల్ అయితే ఫోన్ మీ పక్కనే ఉండాలి. మీరు కూర్చునే చోట సిగ్నల్ బాగుంటేనే కేబుల్ గెలుస్తుంది.

సిగ్నల్‌ను పైన కనబడే గీతలతో లెక్కపెట్టకండి, అవి ఒక్కో ఫోన్‌లో ఒక్కో తీరుగా ఉంటాయి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్', అందులో 'స్టేటస్' లేదా 'సిమ్ స్టేటస్' తెరిస్తే 'సిగ్నల్ స్ట్రెంగ్త్' దగ్గర మైనస్ గుర్తుతో ఒక అంకె, పక్కన డీబీఎం అని ఉంటుంది. సున్నాకు దగ్గరైనకొద్దీ మంచిది. 4జీలో మైనస్ 85, 90 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 105 దాటితే తడబాటు మొదలవుతుంది, 115 దాటితే మాటిమాటికీ తెగుతుంది. అంకెలో పది తేడా అంటే చిన్న తేడా అనుకోవద్దు. మైనస్ 100 నుంచి 90కి వచ్చిందంటే సిగ్నల్ బలం పదింతలయినట్టు. ఫోన్ పట్టుకొని ఇల్లంతా నెమ్మదిగా తిరగండి, ఒక్కోచోట అర నిమిషం ఆగి అంకె చూడండి. రేకుల ఇల్లయితే లోపలికీ అరుగు మీదికీ చాలా తేడా కనబడుతుంది, ఇనుప రేకు సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది. స్లాబు ఇంట్లో లోపలి గది కన్నా టవర్ దిక్కు కిటికీ మేలు. ఇనుప బీరువా పక్కన, గోడ గూట్లో పెట్టకండి. ములుగు, తాడ్వాయి వైపు అడవి అంచు ఊళ్లలో కొన్ని అడుగులు అటు ఇటు జరిగినా అంకె మారుతుంది.

మంచి అంకె వచ్చిన చోటే టేబుల్ వేసుకోగలిగితే కేబుల్ పెట్టండి. ఎందుకంటే కేబుల్‌లో పక్కింటి వైఫైల గోల ఉండదు, హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే బెడద ఉండదు, ఫోన్ వైఫై రేడియో పని చేయదు కాబట్టి కొంత వేడి తగ్గుతుంది, పైగా చార్జింగ్ కూడా అవుతుంది. కలిపే తీరు చెప్తాం. ముందు కేబుల్ పెట్టండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో 'హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్'లోకి వెళ్లి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. శామ్‌సంగ్‌లో ఇది 'కనెక్షన్స్' కింద ఉంటుంది, కొన్ని కంపెనీల ఫోన్లలో 'కనెక్షన్ అండ్ షేరింగ్' కింద. దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో టెథరింగ్ అని కొట్టండి. కేబుల్ పెట్టకముందు ఆ స్విచ్ మసకగా ఉంటుంది, నొక్కినా కదలదు. కేబుల్ పెట్టాక కూడా మసకగానే ఉందంటే తప్పు నూటికి తొంభై పాళ్లు కేబుల్‌దే. చవక కేబుళ్లలో కరెంటు పోయే రెండు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. చార్జ్ అవుతుంది, టెథరింగ్ కాదు. ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్ తీసుకోండి, లేదంటే షాపులో డేటా కేబుల్ అని అడిగి, అక్కడే ల్యాప్‌టాప్‌కు పెట్టి చూసి కొనండి. పొడవు ఒకటి, రెండు మీటర్లు చాలు. మరీ పొడవు కేబుల్, నడుమ జాయింట్లు వద్దు.

మొదటిసారి పెట్టినప్పుడు విండోస్ డ్రైవర్ వేసుకోవడానికి కొద్దిసేపు తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ వైఫై ఆఫ్ చేసి పేజీ తెరిచి చూడండి, అప్పుడే నెట్ కేబుల్ నుంచి వస్తున్నదని నమ్మకం. కేబుల్ కదిలి ఊడిందంటే టెథరింగ్ స్విచ్ ఆఫ్ అవుతుంది, మళ్లీ ఆన్ చేయాలి. ప్రతిసారీ ఈ పని వద్దనుకుంటే ఫోన్‌లో 'డెవలపర్ ఆప్షన్స్' తెరిచి, 'డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్'లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఎంచుకోండి. 'అబౌట్ ఫోన్'లో 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ కనబడతాయి. అక్కడ ఇంకేమీ ముట్టుకోవద్దు.

మీరు కూర్చునే చోట సిగ్నల్ లేకపోతే వైఫైనే వాడండి, రెండు మార్పులతో. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ అని ఉంటుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని. ఫోన్ గోడ అవతల ఉంటే 2.4 పెట్టండి, అది గోడలు దాటి వస్తుంది. ఒకే గదిలో ఉంటే 5 మేలు, చుట్టుపక్కల రద్దీ తక్కువ. 5 పెడితే ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ పేరే కనబడట్లేదంటే, ల్యాప్‌టాప్ వైఫై కార్డు పాతదని అర్థం, 2.4కు రండి. అలాగే పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా కలవకపోతే సెక్యూరిటీ 'డబ్ల్యూపీఏ3' ఒక్కటే ఉందేమో చూడండి, 'డబ్ల్యూపీఏ2' లేదా రెండూ కలిసినది ఎంచుకోండి. రెండో మార్పు, ఎవరూ వాడకపోతే కొన్ని నిమిషాలకు హాట్‌స్పాట్ తనంతట తాను ఆగిపోయే స్విచ్‌ను ఆ రోజుకు ఆఫ్ చేయడం. పాస్‌వర్డ్ ఎట్లాగూ ఉంచుతారు, దాంతోపాటు కలిసే పరికరాల సంఖ్య ఒకటికి తగ్గించండి. బ్లూటూత్‌తో కూడా నెట్ పంచుకోవచ్చు కానీ వేగం చాలా తక్కువ, మెయిల్ చూడటానికి తప్ప పరీక్షకు పనికిరాదు.

5జీ వచ్చీ పోతూ ఉండే ఇంట్లో పరీక్ష రాసేటప్పుడు ఫోన్‌ను 4జీ మీదే కట్టేయమని మా సలహా. సిమ్ సెట్టింగ్స్‌లో 'ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్' తెరిచి 4జీ లేదా ఎల్‌టీఈ ఎంచుకోండి. అటు ఇటు దూకే 5జీ కన్నా కదలకుండా ఉండే 4జీ పరీక్షకు నయం. డేటా కోటా లోంచి పోతుంది, పోనివ్వండి. పరీక్ష అయ్యాక మళ్లీ 5జీకి మార్చుకోండి.

లైన్ నిలకడగా ఉందో లేదో చూడటానికి స్పీడ్ టెస్టు కన్నా మంచి పద్ధతి ఒకటుంది, డేటా కూడా దాదాపు ఖర్చు కాదు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి 8.8.8.8, ఇంకో స్పేస్ ఇచ్చి అడ్డగీత, దాని వెంటనే చిన్న టీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. వరుసగా లైన్లు పడుతూ ఉంటాయి, ఒక్కోదాని చివర టైమ్ అని మిల్లీసెకన్లు ఉంటాయి. 40 నుంచి 100 మధ్యలో ఆడుతుంటే బాగుంది. అప్పుడప్పుడు 300, 400కు ఎగిరినా పరవాలేదు. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని పదేపదే వస్తున్నదంటే ఆ చోటు పనికిరాదు, ఫోన్ జరపండి. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. మీ టెస్టు ఏ టైమ్‌కు ఉందో ముందు రెండు మూడు రోజులు సరిగ్గా అదే టైమ్‌కు ఈ పరీక్ష పెట్టండి. పొద్దున బాగున్న టవర్ రాత్రి ఏడు తర్వాత ఊరంతా వీడియోలు చూసే వేళకు నీరసించిపోతుంది.

కలిసింది కానీ నెట్ రావట్లేదన్నప్పుడు ఈ వరుసలో చూడండి. ఫోన్‌లో 'డేటా సేవర్' ఆన్‌లో ఉంటే ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌ను, టెథరింగ్‌ను రానివ్వదు. డేటా మిగులుతుందని దాన్ని పెట్టుకున్నవాళ్లే ఎక్కువగా ఇక్కడ చిక్కుతారు. తర్వాత ఫోన్‌లోనే బ్రౌజర్ తెరిచి చూడండి, ఫోన్‌కే నెట్ లేకపోతే ల్యాప్‌టాప్‌ను తిట్టి లాభం లేదు, ఎయిర్‌ప్లేన్ మోడ్ పది సెకన్లు పెట్టి తీయండి. ఫోన్‌కు వచ్చి ల్యాప్‌టాప్‌కు రాకపోతే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే ఫోన్ దానికి అడ్రస్ ఇవ్వలేదన్నమాట, హాట్‌స్పాట్ ఆపి మళ్లీ పెట్టాలి, ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్‌గెట్' చేసి కొత్తగా కలపాలి. ల్యాప్‌టాప్ తేదీ, టైమ్ తప్పుగా ఉన్నా సైట్లు తెరుచుకోవు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులకు ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే.

ఫోన్ వేడి గురించి మీ భయం సరైనదే. హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్ ఒకేసారి టవర్‌తో మాట్లాడాలి, ల్యాప్‌టాప్‌కు వైఫై పంచాలి, చార్జర్ పెడితే బ్యాటరీ నింపాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవర్‌ను అందుకోవడానికి రేడియో ఇంకా గట్టిగా పని చేస్తుంది. కాబట్టి మంచి అంకె వచ్చే చోటు వెతకడం వేడికి కూడా మందే. మన దగ్గర ఎండకాలంలో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు వేడి బయటికి పోయే దారే ఉండదు. ఒక హద్దు దాటాక ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్ ఆపుతుంది, వేగం తగ్గిస్తుంది, ఇంకా కాలితే హాట్‌స్పాట్‌ను కూడా ఆపేయవచ్చు. వెనక కవర్ తీసేయండి. ఫాస్ట్ చార్జర్ పెట్టి హాట్‌స్పాట్ నడపొద్దు. పరీక్షకు గంట ముందే 80, 90 శాతం నింపి చార్జర్ తీసేయండి. పరుపు మీద, దిండు మీద పెట్టొద్దు, స్టీలు పళ్లెం మీదో నేల బండ మీదో పెట్టి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. కిటికీలో పెట్టినా ఎండ నేరుగా పడొద్దు. కాలుతున్న ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టే పని మాత్రం చేయకండి, లోపల తేమ పట్టి పాడవుతుంది.

కేబుల్‌తో పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ మామూలు పోర్టు నుంచి ఫోన్‌కు అర ఆంపియరే అందుతుంది, అంటే రెండున్నర వాట్లు. నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి వేడి తక్కువ. కరెంటు పోయినప్పుడు మాత్రం ఆ రెండున్నర వాట్లు మీ ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచే పోతాయి. గంటన్నర పరీక్షకు అది పెద్ద బరువు కాదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మంచిదై నిండుగా ఉంటే చాలు. బ్యాటరీ ముసలిదై అరగంట కూడా నిలవకపోతే ఆ రోజు ఇన్వర్టర్ ఉన్న ఇల్లు చూసుకోండి.

ఇంట్లో ఇంకో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ ఉంటే దాని హాట్‌స్పాట్‌ను ముందురోజే ల్యాప్‌టాప్‌లో ఒకసారి కలిపి సేవ్ చేసి పెట్టుకోండి, 'కనెక్ట్ ఆటోమేటికల్లీ' టిక్ తీసేసి. అది నిలిపి ఉంచిన రెండో దారి. కొన్ని పరీక్షల్లో లైన్ మారితే మళ్లీ లాగిన్ అడుగుతారు. హాల్‌టికెట్‌తో వచ్చిన సూచనల్లో దాని గురించి ఏం రాశారో చదివి, హెల్ప్‌లైన్ నంబరును కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. ఇల్లంతా తిరిగినా అంకె మైనస్ 112, 115 దగ్గరే ఆడుతుంటే మొండికి పోవద్దు, ఆ ఒక్కరోజుకు నర్సంపేటలోనో హన్మకొండలోనో ఫైబర్ ఉన్న ఇంట్లో కూర్చొని రాయండి. ఆ ఇంటికి ముందురోజే పోయి మీ ల్యాప్‌టాప్‌తోనే కలిపి చూడండి.

చివరగా నాయిన ఫోన్‌లో ఉన్నవి కనబడతాయా అన్నారు. కేబుల్ పెట్టగానే ఫోన్ తెర మీద ఒక నోటిఫికేషన్ వస్తుంది, యూఎస్‌బీని దేనికి వాడాలని. అందులో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' లేదా ఫోటోలు పంపే 'పీటీపీ' ఎంచుకుంటేనే ఫోటోలు, ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటాయి. 'యూఎస్‌బీ టెథరింగ్' ఎంచుకుంటే నెట్ ఒక్కటే పోతుంది. బ్యాంకు మెసేజ్‌లు, వాట్సాప్, కాల్స్ ఏవీ ల్యాప్‌టాప్‌లోకి రావు. ఫోన్‌లో 'యూఎస్‌బీ డీబగ్గింగ్' (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు ఇవ్వనిచ్చే స్విచ్) ఎవరైనా ఎప్పుడో ఆన్ చేసి ఉంటే దాన్ని ఆఫ్ చేసి పెట్టండి. మీ సొంతం కాని కంప్యూటర్‌కు, అంటే నెట్ సెంటర్‌లోనో జిరాక్స్ షాపులోనో, నాయిన ఫోన్‌ను కేబుల్‌తో కలపాల్సి వస్తే చార్జింగ్ ఒక్కటే ఎంచుకోండి.